ఎడమచేతివాటం ఎండ్రకాయ

మా సామ్రాజ్యం వదిన చెప్పుల కొట్టుకి వెళ్తే తన కాళ్ళ వంక చూసుకోదు. చెప్పు చేతిలోకి తీసుకుని అడుగున గోటితో గీరుతుంది, రెండుగా మడుస్తుంది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంది. కొట్టువాడు "ఏ సైజు కావాలమ్మా?" అంటే, "ఏ సైజైనా పర్లేదు, మందంగా ఉండాలి" అంటుంది. పర్చూరు బజారులో ఆవిడకి కాస్త తిక్క అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. తిక్కేం కాదు. ఆ చెప్పులు ఆవిడ తొడుక్కోదు. ఇంటికి తెచ్చి, వాటి మడమల మీద బొమ్మలు చెక్కి, మిరపకాయ బస్తాల మీద వేసే రబ్బరు ముద్రలు చేస్తుంది.

మాది పర్చూరు దగ్గర నల్లరేగడి ఊరు. పత్తి, మిరప తప్ప మాకు మూడోది తెలియదు. ఒకే లారీలో పదిమంది రైతుల బస్తాలు గుంటూరు వెళ్తాయి కాబట్టి ఏది ఎవరిదో గుర్తుండాలి. పేర్లు రాద్దామంటే పండించినవాడికీ చదువు రాదు, మోసే హమాలీకీ రాదు. అందుకని బొమ్మలు. ఒకరిది చిలక, ఒకరిది కొడవలి, ఒకరిది గంట. బజారులో చేసే స్టాంపులు కాగితానికి బాగుంటాయి గానీ గోనెపట్టా మీద ఆనవు. గోనె మీద పడాలంటే ముద్ర అరచెయ్యంత ఉండాలి. హవాయి చెప్పు మడమ సరిగ్గా అరచెయ్యంత ఉంటుందని కనిపెట్టింది వదినే. సగం బ్లేడు, సాన మీద అరగదీసిన గొడుగు ఊచ, కార్బన్ కాగితం, ఇంతే ఆవిడ సరంజామా. నల్ల పెయింటులో కిరసనాయిలు కలిపితే అదే రంగు.

ఆవిడకి ఒకటే నియమం. కాలికి తొడిగిన చెప్పు మీద చెక్కదు. మిరపకాయ అంటే మాకు లక్ష్మి. కాయలు ఎండబోసిన కళ్ళంలోకి చెప్పులు విడిచే వెళ్తాం. కొత్త చెప్పయితే అది ఇంకా చెప్పు కాదు, రబ్బరు ముక్కే. ఒక్కసారి తొడిగితే ఇక అది కాలిదే. ఈ నియమం పెట్టుకోక ముందు ఆవిడ ఒకేఒక్కసారి తొడిగిన చెప్పు మీద చెక్కింది. నేను చెప్పబోయేదంతా ఆ ఒక్కసారి వల్ల జరిగిందే.

నా పేరు గోపాలకృష్ణ. వదిన భర్త ఆదెయ్యకి నేను బాబాయి కొడుకుని. గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో, వచ్చిన బస్తాలని ఏ గదిలో పేర్చాలో చూసే ఉద్యోగం నాది. అన్నకి చిన్నప్పుడు ఎడంకాలి మీదనించి ఎడ్లబండి చక్రం వెళ్ళింది. అప్పట్నించి మడమ బయటి అంచు మీద బరువు వేసి, పక్కకి ఒరిగి నడిచేవాడు. ఊళ్ళో అందరూ ఎండ్రకాయ అనేవాళ్ళు. మాట పడే మనిషి కాదు గానీ, ఈ ఒక్క పేరుకీ నవ్వేవాడు. తొంభై ఆరులో బస్తాలకి గుర్తు కావాల్సి వచ్చినప్పుడు ఎండ్రకాయే కావాలన్నాడు.

లారీ వచ్చి వీధిలో నిలబడింది. కొత్త చెప్పులు తెచ్చే వ్యవధి లేదు. అన్న కాళ్ళవి విడిచి వదిన ముందు పడేశాడు.

"దీని మీదే చెక్కు. నా కాలి సంగతి లక్ష్మికి తెలీదా ఏంటి?"

మా పెద్దమ్మ, అంటే అన్న తల్లి కోటమ్మ, చాట పక్కన పెట్టి లేచింది. "కాలి కింది చెప్పుతో లక్ష్మిని కొడతార్రా? కొంప మునుగుద్ది" అంది. ఎవరు వింటారు? వదిన కుడి చెప్పు తీసుకుని చెక్కింది. కరిచే పెద్ద కాలు ఒకటి తినే చేతి వైపు గీసుకుని, గీసింది గీసినట్టే చెక్కేసింది. ముద్రలో అన్నీ తిరగబడతాయని అప్పటికి ఆవిడకి తెలియదు. గోనె మీద వేస్తే పెద్ద కాలు ఎడమ పక్కన పడింది. "ఇది ఎడమచేతివాటం ఎండ్రకాయే" అని అన్న కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. వదిన ఉడుక్కుని దాన్ని చూరులోకి విసిరేసి, ఎడమ చెప్పు మీద ఈసారి తిరగేసి చెక్కింది. ఎండ్రకాయ సరిగ్గా వచ్చింది గానీ, అన్న నడకకి ఆ చెప్పు బయటి అంచు ముందే అరిగి ఉంది కదా, ఆ వైపు మూడు కాళ్ళు పల్చగా పడ్డాయి. "నీ కుంటు నా ఎండ్రకాయక్కూడా అంటించావు" అంది వదిన. వాళ్ళిద్దరూ అలా నవ్వుకోవడం నేను చూసిన ఆఖరిసారి కాదు గానీ, నాకు గుర్తున్నది మాత్రం అదే.

తొంభై ఎనిమిది మాఘ పౌర్ణమి. ఆ ఏడు పత్తిని పురుగు తినేసింది. చుట్టుపక్కల ఊళ్ళలో ఏ ఇంట ఏ కబురు వినాల్సి వస్తుందో అన్నట్టుండేది. పొద్దున్నే అన్న కళ్ళంలో బస్తాలకి ముద్రలేసి, ముద్ర రొండిన దోపుకుని, సముద్రస్నానానికి వెళ్తున్న ట్రాక్టరెక్కి వాడరేవు వెళ్ళాడు. చొక్కా, దాని పక్కన కొత్త చెప్పుల జత, పొందికగా ఇసకలో దొరికాయి. మనిషి దొరకలేదు. పడవవాళ్ళు మూడు రోజులు గాలించారు. "సముద్రం తనది కానిది మూడు రోజులకి మించి ఉంచుకోదండీ" అన్నాడు ఏసోబు అనే పెద్దాయన. మా అన్నని మాత్రం ఇవ్వలేదు. చొక్కాలో, ఇసకలో, ట్రాక్టరులో ఎక్కడ వెతికినా ముద్ర కూడా లేదు. అది ఆయనతోనే పోయింది.

పెద్దమ్మ ఆ రోజు వదినతో ఒకే మాటంది. "చెప్పుతో లక్ష్మిని కొట్టొద్దన్నానా?" వదిన నియమం అప్పటినుంచి వచ్చింది.

పొలం కౌలుకిచ్చి, వదిన ఊరందరికీ ముద్రలు చెక్కడం మొదలుపెట్టింది. చెయ్యి తిరిగిందంటే ఎంత తిరిగిందంటే, గోనె మీద పడిన ముద్ర చూసి అది ఎన్నాళ్ళు వాడిందో, వేసినవాడు కోపంగా వేశాడో, నింపాదిగా వేశాడో చెప్పేసేది. కానీ తన సంగతే తనకి తెలియలేదు. భర్త ఉన్నాడా, పోయాడా? శవం లేదు, కర్మ లేదు. నుదుట బొట్టు అలాగే ఉంది. ఎదురింటి శివపార్వతి నోము చేసుకుని పేరంటానికి పిలిచింది. వరసగా అందరికీ బొట్టు పెడుతూ వచ్చి, వదిన దగ్గరికి వచ్చేసరికి చెయ్యి గాల్లో ఆగిపోయింది. కుంకుమ వేలి చివరే ఉండిపోయింది. "పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను" అని వదిన లేచి వచ్చేసింది. పొయ్యి మీద ఏమీ లేదు. "ఏదో ఒకటి తేలితే చాలు గోపాలం. అటో ఇటో" అంది నాతో.

మూడేళ్ళు చూసి, దర్భబొమ్మ చేసి కర్మ కానిచ్చేద్దామని మా వాళ్ళంతా కూర్చుని అనుకున్నారు. అది రెండు వేల ఒకటి, ఫిబ్రవరి. నెల తిరక్కుండానే మా ఊరి లారీ మా కోల్డ్ స్టోరేజీకి వచ్చింది. దించుతుంటే నన్నే సాహెబ్ అనే హమాలీల మేస్త్రీ నన్ను పిలిచాడు.

"ఇదేం మార్కండీ? ఒక బస్తాకి రెండున్నయ్యి."

అది రోశయ్య బస్తా. పైన ఆయన చిలక ఉంది. కింద, కుట్టు పక్కన, ఎండ్రకాయ ఉంది. కిరసనాయిలు వాసన ఇంకా పోలేదు. బయట ఎండ మాడుస్తోంది, లోపల అమ్మోనియా చలి. ఎండ్రకాయని చూశాను గానీ దాని చేతులు చూడలేదు. నాది వట్టి మట్టిబుర్ర. ఆ రోజే బస్సెక్కి ఊరెళ్ళి, వదినతో చెప్పక ముందే వీధంతా చాటాను.

రోశయ్య ఒట్టేశాడు. "నా కళ్ళంలో నేనూ, కాయ ఏరే కూలీలూ తప్ప ఎవరున్నార్రా? మధ్యాన్నం అన్నాలకి పోయొచ్చేసరికి పడింది అది" అన్నాడు. మిట్టమధ్యాహ్నం మా కళ్ళాలు చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. ఎకరమంత ఎర్రగా పరిచి ఉంటుంది, దాని మీద గాలి నీళ్ళలా కదులుతుంది, ఒక్క పురుగు చప్పుడు వినపడదు. ఆ వేళ తిరిగేవి తిరుగుతాయని మా నాయనమ్మ చెప్పేది. మరుసటి ఏడు ఇంకొకరి బస్తా మీద, ఆపై ఏడు మరొకరి బస్తా మీద. ఏడాదికి ఒకటో రెండో, మధ్యాహ్నమే, ఎవరూ లేనప్పుడే. కర్మ మాటెత్తిన ప్రతిసారీ ఎండ్రకాయ వచ్చేది, పెద్దలు నోరు మూసుకునేవాళ్ళు. మధ్యాహ్నం కళ్ళంలో కాపలా ఉండటానికి మగాళ్ళు కూడా జంకారు. ఆ పని పెద్దమ్మ తీసుకుంది. "నా కొడుకే కదా. నన్నేం చేస్తాడు?" అంది. ఇంట్లో మూడో కంచం పెట్టడం మొదలుపెట్టింది. అన్నం వడ్డించి, కాసేపు చూసి, ఎత్తి చద్దికి పెట్టేది. నేను వెళ్ళినప్పుడు ఆ కంచం కనపడకుండా వరండాలో కూర్చుని తినేవాణ్ణి.

వదిన ఒక్కసారి కూడా ఆ ముద్ర చూస్తాననలేదు. అడిగితే, "చూస్తే తేలిపోద్ది. తేలాలంటానే గానీ, కాళ్ళు రావట్లేదు" అంది. నాకర్థమైంది. నాకైనా రావు.

ఏడో ఏడు, రెండు వేల ఐదులో, మళ్ళీ పేరంటం, మళ్ళీ గాల్లో ఆగిన చెయ్యి. ఆ సాయంత్రమే వదిన ఫోను చేయించింది. "ఈసారి ఆ గోనెముక్క కోసుకురా."

కోసుకెళ్ళి ఒళ్ళో పెట్టాను. రెండు నిమిషాలు చూసింది. ఏడుస్తుందనుకున్నాను, నవ్వింది.

"ఇది సముద్రంలోకి పోయింది కాదు గోపాలం. పెద్ద కాలు ఏ పక్కనుందో చూడు. ఇది నేను చూరులోకి విసిరేసిన ఎడమచేతిది. గడప దాటలేదు ఇది."

ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. ఒకరు నా ఎదురుగా ఉన్నారు.

ఆ రాత్రి పెద్దమ్మ వినేలా వదిన కర్మ మాటెత్తింది. మర్నాడు మధ్యాహ్నం మేమిద్దరం వెళ్ళి కళ్ళం అంచున గోనెల చాటున కూర్చున్నాం. కూలీలు అన్నాలకి వెళ్ళిపోయారు. ఎండలో, ఆ ఎరుపు మధ్యలోనుంచి తెల్లచీర కట్టుకుని పెద్దమ్మ నడిచి వచ్చింది. కొంగులోనుంచి ముద్ర తీసింది. చిన్న డబ్బాలో అద్ది, బస్తా మీద పెట్టి, రెండు చేతులతో అదిమింది. తర్వాత వంగి, దెబ్బ తగిలిన చంటివాడి మోకాలి మీద ఊదినట్టు దాని మీద ఊదింది.

"ఆరిందా నాయనా?" అంది బస్తాతో. కాసేపు ఆగి, జవాబు విన్నట్టు తల ఊపింది.

నాకు ఒళ్ళు మండింది. నాలుగేళ్ళు ఊరిని వణికించిన దెయ్యం మా పెద్దమ్మా? నిలదీద్దామని లేవబోతే వదిన నా చెయ్యి పట్టుకుని ఇవతలికి లాక్కొచ్చింది.

"ఆవిడకి ఎడమేదో కుడేదో తెలీదు. ముద్ర పడినంత కాలం కొడుకు ఉన్నట్టే ఆవిడకి. ఆవిడుండగా నేను కర్మ చేయించను" అంది.

అలాగే చేయించలేదు. మరుసటి ఏడు శ్రావణంలో పెద్దమ్మ పోయింది. ఆవిడకి కర్మ చేసింది నేనే. పంతులు ఎలాగూ వచ్చాడు, అన్నది కూడా కానిద్దామన్నారు పెద్దలు. వదిన తలూపింది. దర్భలతో మనిషిని కట్టి, నేనే నిప్పు పెట్టాను. పదోరోజు కాలవగట్టున రెండు పిండాలూ పెట్టాను. పెద్దమ్మ పిండాన్ని పెట్టీ పెట్టగానే కాకి ఎత్తుకుపోయింది. అన్న పిండం దగ్గరికి ఒక్కటీ రాలేదు. చెట్టు నిండా కాకులున్నాయి, అరవకుండా చూస్తూ కూర్చున్నాయి. సూర్యుడు నడినెత్తికి వచ్చేదాకా నిలబడ్డాం. "ఆకలి లేదేమో, కాలవలో కలిపెయ్యండి" అన్నాడు పంతులు. కలిపేశాను. ఇంటి దగ్గర ఆడవాళ్ళు వదిన బొట్టు తీసేశారు. "తేలింది కదా గోపాలం" అంది ఆ సాయంత్రం. ఆ నుదుటి వైపు చూడలేక నేను గోడ వైపు చూశాను.

రెండు వేల ఏడు మార్చి. పొదిలి వైపునుంచి ఒక లారీ వచ్చింది, దళారీ పేరు మీద. నలభై బస్తాలు. నలభైటి మీదా ఎండ్రకాయ.

ఈసారి నేను చేతులే చూశాను. కరిచే కాలు తినే చేతి వైపు ఉంది. ఒక పక్క మూడు కాళ్ళు పల్చగా ఉన్నాయి. ఈ చేత్తోనే కదా పిండం పెట్టాను. డ్రైవర్ని అడిగితే పొదిలి అడ్డరోడ్డులో ఎక్కించారన్నాడు. దళారీ గుమస్తా, "ఎవరో రైతండీ, వందమందుంటారు, నాకేం తెలుసు" అన్నాడు.

గోనెముక్క కోసి ఊరికి పట్టుకెళ్ళాను. వదిన వేలితో ఒక్కో కాలూ తడిమింది.

"అంచులన్నీ గుండ్రంగా అరిగినై. ఏటేటా వేస్తేగాని ఇట్లా అరగదు. ఈ వెనక కాలు మాత్రం నాది కాదు. అరిగిపోతే ఎవరో మళ్ళీ చెక్కారు. మీ అన్నకి బ్లేడు పట్టుకోవడం చేతగాదు. ఇది ఓపికున్న చెయ్యి. ఆడచెయ్యి."

"ఒడ్డుకి కొట్టుకొస్తే ఎవరికో దొరికుండొచ్చుగా వదినా" అన్నాను. నేను పెట్టిన పిండం వృథా కాకూడదని నా తాపత్రయం.

"దొరికుండొచ్చు. పొదిలి వెళ్ళి వెతకొద్దు నువ్వు. ముద్రనే అడుగుదాం."

తన కౌలు వాటాగా వచ్చిన కాయలో ఒక బస్తా కుట్టింది. పెద్దమ్మ పెట్టెలోని ఎడమచేతి ఎండ్రకాయని తీసి దాని మీద వేసింది. గుంటూరు బస్సెక్కి మొదటిసారి మా కోల్డ్ స్టోరేజీకి వచ్చి, ఆ నలభై బస్తాల పక్కనే, ముద్ర దారి వైపు ఉండేలా దాన్ని పెట్టించింది. రెండు ఎండ్రకాయలూ పక్కపక్కన పడ్డాయి, అద్దంలో చూసుకుంటున్నట్టు. "ఎవరికో దొరికిన ముద్రయితే దీన్ని చూసి వాడికేమీ అనిపించదు. ఆ రోజు పగలబడి నవ్వినవాడయితే అనిపిస్తుంది. సరుకు చూసుకోవడానికి ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పదుగా" అంది.

అయిదు నెలలు నేను ఆ గది తలుపు దగ్గరే తచ్చాడాను. ఆగస్టులో ఒకరోజు అన్నానికి వెళ్ళాను. అరగంట. వచ్చేసరికి నన్నే సాహెబ్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"పొదిలి సరుకు చూసుకోవాలని ఒకాయన వచ్చాడండీ. పక్కకి ఒరిగి నడుస్తున్నాడు. చెప్పులు విడిచి లోపలికి పోయాడు. నేను ఇక్కడే ఉన్నా. బయటికి రాలేదు."

టార్చి తీసుకుని లోపలికి వెళ్ళాను. ఆ గదికి ఒకటే తలుపు. వరస వరసా వెతికాను. నా ఊపిరి పొగ తప్ప ఏమీ కదల్లేదు. ఎండ్రకాయలు రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. సాయిబు కాసేపు కునుకు తీసి ఉంటాడని నా నమ్మకం. ఆయన ఈనాటికీ ఒప్పుకోడు. గుమ్మం బయట మాత్రం చెప్పుల జత ఉంది, పొందికగా పక్కపక్కన.

వారం చూశాను, వాటికోసం ఎవరూ రాలేదు. బస్తాలు దళారీ మనుషులే వచ్చి తీసుకెళ్ళారు. ఆ ఎండ్రకాయ ముద్ర ఆ తర్వాత ఏ లారీలోనూ, ఏ బస్తా మీదా నేను చూడలేదు.

చెప్పులు కాగితంలో చుట్టి ఊరు తీసుకెళ్ళాను. వదిన వరండాలో ఎవరిదో గంట బొమ్మ చెక్కుతోంది. బ్లేడు కింద పెట్టి, ఎడమ చెప్పు చేతిలోకి తీసుకుని, మడమ బయటి అంచున వేలు పెట్టింది. వేలు గుంటలో సరిగ్గా కూర్చుంది.

"చెప్పులు ఒడ్డున వదిలిపోవడం మీ అన్నకి అలవాటేగా" అంది.

"పొదిలి వెళ్ళి రమ్మంటావా?" అన్నాను. కర్మ చేసిన మనిషిని ఇంటికెలా పిలవాలో నాకు తెలియదు, అయినా అడిగాను.

వదిన చెప్పు తిరగేసి, అడుగున గోటితో గీరి, రెండుగా మడిచి చూసింది, చెప్పుల కొట్టులో చూసినట్టే. తర్వాత రెండూ కలిపి నా చేతిలో పెట్టేసింది.

"మందం బాగానే ఉంది. తొడిగినవి గోపాలం, మనకి పనికిరావు" అని బ్లేడు తీసుకుంది.